రెండో కాలు

నా ముందు ఇంకా పదకొండు మంది ఉన్నారు. పదకొండు మందీ రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడి, చలికి చేతులు రుద్దుకుంటూ నవ్వుకుంటున్నారు, నాకేమో ఎట్లా నిలబడాలో తెలియడం లేదు. కట్టు కుడికాలికి ఉంది కాబట్టి కుంటితే కుడికాలు కుంటాలి, నొప్పి ఎడమకాలిది కాబట్టి నా ప్రమేయం లేకుండా ఒళ్ళు ఎడమవైపే జాగ్రత్త పడుతుంది, ఒకసారి అటు బరువు వేసి, ఎవరో చూశారనిపించి ఇటు మార్చి, నిలబడడమంత చిన్న పని కూడా చేతగాక అవస్థ పడుతున్నాను. భయం కడుపులో ఉంటుందంటారు, నాకు మోకాళ్ళ కింద ఉంది. పొద్దున హాస్టల్లో ఉప్మా రెండు ముద్దలు తిని వదిలేశాను. హన్మకొండ గ్రౌండు మీద మంచు ఇంకా విడవలేదు, గడ్డి తడిగా ఉంది, తడిగడ్డి మీద కాన్వాసు బూట్లు జారతాయి, జారితే ఎడమకాలు బయటి వైపుకు తిరుగుతుంది, తిరిగితే ఇక్కడ, ఇంతమంది ముందు, అంతా అయిపోతుంది. పదకొండు కాదు, పది. ఒకమ్మాయి వెళ్ళింది.

ఠప్, ఠప్, ఠప్. ఒంటికాలి మీద మూడు గెంతులు, మూడోది పడ్డచోట కదలకుండా నిలబడాలి, జట్టును ఎంచే శకుంతల మేడం టేపు పెట్టి కొలిచి అంకె గట్టిగా చెబుతుంది, ఇనప కుర్చీలో కూర్చున్న డాక్టరు రాసుకుంటాడు. ముందు ఒక కాలు, తర్వాత ఇంకొక కాలు. ఆయన హైదరాబాదు నుంచి వచ్చాడు, అక్కడ ఆటలాడేవాళ్ళ కాళ్ళే చూస్తాడట, మెడకు మఫ్లరు, ఒళ్ళో అట్ట, మనిషి మొహం వైపు చూడనే చూడడు, బూట్ల వైపే చూస్తాడు. ఆరున్నరకు అందర్నీ వరసలో నిలబెట్టి ఆయనే చెప్పాడు, పోయినేడు మన జిల్లా ఖోఖో పిల్లలు రాష్ట్ర పోటీలకు పోతే మొదటి ఆటలోనే ఇద్దరు చీలమండలు పట్టుకుని కూలబడ్డారట, ఇద్దరివీ పాత దెబ్బలేనట, ఇద్దరూ దాచిపెట్టారట. అందుకని ఈసారి కాలు ఎంత దూకుతుందో, దూకి ఎంతసేపు నిలబడుతుందో చూడకుండా ఎవర్నీ పంపరట. మంచి కాలు ఎంత దూకితే దెబ్బ కాలు అందులో పదింట తొమ్మిది వంతులైనా దూకాలట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ఎడమకాలి వైపు పోబోయింది, వెనక నుంచి రాజేశ్వరి నా జడ పట్టి గుంజింది.

రాజేశ్వరి నంబరు పద్దెనిమిది, నాది పదిహేడు. జట్టుకు పన్నెండు మంది కావాలి, పదకొండు పేర్లు మేడం మనసులో ఎప్పుడో రాసేసుకుంది, ఆ సంగతి గ్రౌండు ఊడ్చే ముసలమ్మకు కూడా తెలుసు. మిగిలిన ఒక్క చోటు నాదో రాజేశ్వరిదో. అట్లాంటి రాజేశ్వరి నిన్న సాయంత్రం నన్ను చౌరస్తాలో వాళ్ళ కిరాణా కొట్టు వెనక గదిలోకి తీసుకుపోయి, మిరపకాయల బస్తా పక్కన కూర్చోబెట్టి, నా మంచి కాలికి కట్టు కట్టింది. నొప్పి ఎడమది కదనే అంటే, అందుకే కుడికి కడుతున్నానంది. చూసేవాళ్ళు కట్టు చూస్తారు గానీ కాలు చూడరట, కట్టున్న కాలిని నొక్కి, తిప్పి, గెంతించి, అది గట్టిగా ఉందని వాళ్ళే సంబరపడతారట, రెండోదాన్ని కొలతకోసం ఒకసారి గెంతించి వదిలేస్తారట. “నువ్వు ఫికర్ చెయ్యకు సోమక్కా, నా మాట ఇను” అంది. మిరపకాయల ఘాటుకు నాకు కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, ఆమె చెయ్యి మాత్రం నా మడమ చుట్టూ, పాదం కిందుగా, మళ్ళీ చీలమండ మీదుగా ఒక్క ముడత లేకుండా తిరుగుతోంది. ఎక్కడ నేర్చుకున్నావే అంటే నవ్వి, పిన్ను పళ్ళతో తెరిచి పెట్టింది. రాత్రంతా అదే ఆలోచన. ఒక్క చోటుకోసం నిలబడ్డ ఇద్దరిలో ఒకతె ఇంకొకతె కాలికి ఎందుకు కట్టు కడుతుంది? ఆమె కాళ్ళకేమీ లేదు, మోకాళ్ళ దాకా తెల్లటి మేజోళ్ళు, మే నెల ఎండలో కూడా అవే మేజోళ్ళు, షావుకారు బిడ్డ ఫ్యాషను. నేను పట్టుబడితే ఆ చోటు ఆమెదే. ఇప్పుడు వెనక నిలబడి ఊపిరి తీస్తోంది, ఆ ఊపిరి నా మెడకు తగులుతోంది, డాక్టరు దగ్గరికి పోగానే వెనక నుంచి ఒక్క మాట అంటే చాలు. అంటుందా? అనకపోతే ఎందుకు అనదు?

ఎనిమిది మంది.

మొదటిసారి ములుగులో. పదో తరగతి, జోనల్ ఆటలు, నేను రన్నర్ని, వెనక చేజర్ చెయ్యి నా వీపుకు జానెడు దూరంలో ఉంది, కోర్టు చివరి పోల్ పట్టుకుని ఎడమకు తిరిగాను, కాలు నాతో రాలేదు. ఎండు పుల్ల విరిగిన చప్పుడు. అది నా కాలిదని తెలియడానికి కొంచెం సేపు పట్టింది. అందరూ మోసుకుపోయారు, అందరికీ చెప్పుకుని ఏడ్చాను. ఊళ్ళో కట్లు కట్టే నర్సయ్య తాత కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి రుద్ది, వెదురు బద్దలు పెట్టి, ఇరవై ఒక్క రోజులు విప్పొద్దన్నాడు. పదకొండో రోజున స్కూల్లో ఫైనల్ ఉందని నేనే కొడవలితో కోసి విప్పేశాను. అదే నేను చేసిన పెద్ద తప్పు, ఎవర్నీ అనేది లేదు. ఆ తర్వాత కాలు నయమైంది, నయమైనట్టే ఉంటుంది, నడుస్తుంది, ఉరుకుతుంది, పోల్ తిరుగుతుంది, ఉన్నట్టుండి ఒకరోజు ఉండాల్సిన చోట ఉండదు. మెట్టు ఉందనుకుని చీకట్లో అడుగు వేస్తే మెట్టు లేనట్టు. రెండోసారి ఘన్‌పూర్‌లో బస్సు దిగుతుంటే. అమ్మకు చెప్పాను, చింతాకు ఉడకేసి కట్టింది. మూడోసారి హాస్టల్ నీళ్ళ తొట్టి దగ్గర, అప్పటి నుంచి ఎవరికీ చెప్పలేదు. నాలుగోసారి మేడారంలో, పోయిన జాతరకు, జంపన్నవాగు ఇసుకలో, లక్షల మంది మధ్య, కూలబడితే తొక్కేస్తారని పళ్ళు బిగపట్టి అమ్మ కొంగు పట్టుకుని నడిచాను, అమ్మవార్ల గద్దెల దగ్గర ఏం మొక్కుకున్నావే అంటే పరీక్ష పాసు కావాలని అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టే నా బతుకు, అరవడానికి లేదు. అయిదు, ఆరు. ఏడోది పోయిన నెల ప్రాక్టీసులో, రాజేశ్వరి ఒక్కతే చూసింది. నొప్పికి భయం లేదు. నొప్పి వస్తుంది, వాస్తుంది, పోతుంది. ఎప్పుడు వస్తుందో నాకు చెప్పకపోవడం ఉంది చూడు, నా కాలే నాకు చెప్పకపోవడం, దానికి భయం. మంచం మీద నుంచి దిగేటప్పుడు కూడా ముందు కుడికాలే నేల మీద పెడతాను.

ఆరుగురు. ఇప్పుడు గెంతుతున్న పిల్ల మూడో గెంతుకు తూలింది, చేతులు రెండూ గాలిలో ఈదాయి, పడలేదు, నిలబడింది, అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. డాక్టరు నవ్వలేదు. కుర్చీలో నుంచి లేచి వంగి, ఆ పిల్ల బూటు పట్టుకుని అడుగు భాగం తిప్పి చూసి మళ్ళీ కూర్చున్నాడు. బూటు ఎందుకు చూశాడు? బూటులో ఏముంటుంది?

పోవచ్చు. ఇప్పుడే కడుపునొప్పి అని చెప్పి పక్కకు పోవచ్చు. మేడం తిడుతుంది, తిట్టి మరచిపోతుంది. పోతే ఇంక లేదు. స్కూల్లో చేర్చిన రోజు సారు నా పుట్టిన తేదీ జనవరి ఒకటి అని రాసుకున్నాడు, మా అమ్మకు తెలిసిందల్లా నేను జాతర ముందు పుట్టానని, ఏ నెలనో ఏ రోజో ఎవరికి గుర్తు? ఆ సారు చేతిరాత ప్రకారం ఇంకొక ఇరవై రోజులకు నాకు పద్దెనిమిది నిండుతాయి, జూనియర్ల ఆటలు అయిపోతాయి. రాష్ట్ర పోటీల సర్టిఫికెట్ ఉంటే వ్యాయామం టీచరు ట్రైనింగులో ఆటల కోటా సీటు వస్తుంది, లేకపోతే నా మార్కులకు వాకిలి కూడా తొక్కనియ్యరు. నాకు మెడలో విజిల్ కావాలి. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు ఇంకేమీ వద్దు, నల్లతాడుకు కట్టిన విజిల్, అది ఊదితే నలభై మంది ఆడపిల్లలు ఉరుకుతూ వచ్చి వరసలో నిలబడాలి. అది కాకపోతే నాయన కర్ర నా చేతికి వస్తుంది. గొర్రెలంటే నాకేం చిన్నచూపు లేదు, గొర్రెలే మమ్మల్ని సాకాయి, కానీ కర్ర పట్టుకున్నవాళ్ళు విజిల్ ఊదలేరు. పోను. నిలబడతాను.

నలుగురు. కట్టు బిగుతుగా ఉంది, మంచి కాలు కూడా నొప్పి పెడుతోంది, రెండు కాళ్ళూ నొప్పి పెడితే ఏ కాలూ కుంటదు. ఈ మాట నేను ఎక్కడ విన్నాను? వినలేదు, చూశాను. ఘన్‌పూర్ అంగడి, నాకు తొమ్మిదేళ్ళు. మా నాయన యాకయ్య చేతిలో పొట్టేలు తాడు, దాని వెనకాల నేను. ఆ పొట్టేలుకు ఎడమ ముందుకాలు కుంటు. అంగడికి రాకముందే తుమ్మచెట్టు కింద ఆగి, నాయన దాని కుడి గిట్టల మధ్య చిన్న గులకరాయి పెట్టి నారతో కట్టాడు. నేను చూస్తుంటే “నువ్వటు సూడు బిడ్డా” అన్నాడు. పొట్టేలు నాలుగడుగులు వేసి, ఏ కాలు కాచుకోవాలో తెలియక, రెండింటినీ సమంగా ఎత్తి సమంగా వేసింది. నడక ఎంత ముద్దుగా ఉందో. బేరానికి మల్లక్క వచ్చింది, పెంచుకోవడానికి గొర్రెలు కొనే ముసలామె, నోట్లో చుట్ట. ఆమె పొట్టేలు పళ్ళు చూడలేదు, వీపు నొక్కలేదు, మేం వచ్చిన దారిలో దుమ్ములో పడ్డ అడుగులు చూసింది, వంగి ఒక అడుగులో వేలు పెట్టింది, ఇంకొకదానిలో పెట్టింది. తర్వాత లేచి, కోపం లేకుండా, ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగింది. “యాకయ్యా, రెండో కాలు సూపియ్యి.” నాయన మొహం నేను అంతకుముందు ఎన్నడూ అట్లా చూడలేదు, తర్వాత ఎన్నడూ చూడలేదు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ నవ్వలేదు. నాయన అక్కడే కూర్చుని నార విప్పి, రాయి తీసి రుమాల్లో పెట్టుకున్నాడు. తొమ్మిది మైళ్ళు నడిచి తిరిగి వచ్చాం, నాయన ఆ పొట్టేలును ఎవరికీ అమ్మలేదు. ఆ రాయి మా ఇంటి గూట్లో ఇప్పటికీ ఉంది, ఎందుకు పెట్టాడని ఎవరమూ అడగలేదు. రాజేశ్వరి కట్టు కడుతుంటే నాకు ఆ రాయి గుర్తుకు రాలేదు. వచ్చుంటే కట్టనిచ్చేదాన్ని కాదు. కాదా? ఏమో. కట్టనిచ్చేదాన్నే అనుకుంటాను, నేనేం నాయన కంటే గొప్పదాన్ని కాను.

విప్పేద్దామా? ఇప్పుడు వంగి విప్పితే అందరూ చూస్తారు. ముగ్గురు. ఇద్దరు. దేవుడా, ఇంత తొందరగా ఎట్లా అయిపోతున్నాయి, పొద్దుటి నుంచి కదలని వరస ఇప్పుడు ఎందుకు ఉరుకుతోంది?

పదిహేడు అన్నది మేడం. నా పేరు సోమక్క అని నాకు తెలుసు, అయినా పదిహేడు ఎవరా అని వెనక్కి చూశాను, రాజేశ్వరి నన్ను ముందుకు తోసింది. ఆ తోపుడులో ఏముందో తెలియలేదు, మంచో చెడో. గీత దగ్గరికి పదడుగులు, ఆ పదడుగులూ కుడికాలు కుంటుతూ నడిచాను, నటన నాకే సిగ్గనిపించింది. డాక్టరు తల ఎత్తలేదు. కట్టు చూశాడు. కుడి బూటు చూశాడు. ఎడమ బూటు చూశాడు, అక్కడ ఆగాడు, చాలాసేపు ఆగాడు. ఆ ఎడమ బూటు బయటి అంచు అరిగి, కాన్వాసు చిట్లి, చిటికెన వేలు పక్కన దారాలు వేలాడుతున్నాయి. దాని పక్కన కుడిది నిన్న కొన్నట్టుంది. మూడేళ్ళుగా ప్రతి రోజూ వేసుకుంటున్నాను, ఒక్కరోజైనా నేను రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

“కట్టు విప్పమ్మా” అన్నాడు. కిందికి వంగి బూటు తీశాను, పిన్ను రాలేదు. ఎట్లాగో విప్పి పట్టీ ఆయన చేతికిచ్చాను. ఆయన నా కుడికాలిని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. “ఇది మంచిగనే ఉన్నది. రెండో కాలు చూపించు.”

కోపం లేదు ఆ గొంతులో. మల్లక్క గొంతులోనూ లేదు. గంట నుంచి దేనికి భయపడుతున్నానో అది వచ్చేసింది, వచ్చి నా ఎదురుగా కూర్చుంది, నాయన మొహం నా మొహం మీదికి ఎక్కుతున్నట్టు తెలుస్తోంది. మేడం నా వైపు ఒకసారి, పట్టీ వైపు ఒకసారి చూసి టేపు విప్పింది. బూటు తొడుక్కున్నాను, ముందు కుడి. ఠప్, ఠప్, ఠప్, పదహారు అడుగులు. ఇప్పుడు ఎడమ, పదింట తొమ్మిది వంతులంటే పధ్నాలుగున్నరకు అటూ ఇటూ, లెక్క నాకు అప్పటికప్పుడే తట్టింది. గెంతడం పెద్ద పని కాదు, గాలిలో ఉన్నంతసేపు ఎవరి కాలైనా మంచిదే, భయమంతా దిగే చోట. ఒకటి, దిగింది. రెండు, దిగుతుంటే బయటి అంచు వైపు ఒక వణుకు, పోతోంది, పోతోంది, పోలేదు. మూడు. మడమ తడినేలలో దిగబడింది, ఒళ్ళంతా ముందుకు పోయింది, వేళ్ళతో నేలను పట్టుకున్నాను. పధ్నాలుగు అడుగుల ఆరంగుళాలు అన్నది మేడం. అంగుళం మీద బతికాను. ఇంక అయిపోయిందనుకున్నాను, అయిపోలేదు. అదే కాలు మీద నిలబడి కళ్ళు మూసుకోమన్నాడు, ముప్ఫై లెక్కపెట్టేదాకా రెండోది ఆనొద్దన్నాడు.

కళ్ళు మూసుకుంటే గ్రౌండు లేదు. చీకటి, ఆ చీకటి ఊగుతోంది, చీలమండ లోపల ఏదో నరం అటు ఇటు వెతుక్కుంటోంది, ఇప్పుడు పోతుంది, ఇదే ఎనిమిదోసారి, మెట్టు ఉందనుకుని అడుగు వేసినప్పటి చీకటి ఇదే. మేడం లెక్క వినబడుతోంది, మూడు, నాలుగు, ఎంత మెల్లగా లెక్కపెడుతుందో. నాయన ఇట్లా నిలబడతాడు. ఒక కాలు మీద, ఇంకొక పాదం మోకాలికి ఆనించి, కర్ర గడ్డం కింద పెట్టుకుని, పూటంతా. నేనూ నిలబడేదాన్ని పక్కనే, కర్ర లేకుండా, చిన్నప్పుడు, నాయన కంటే ఎక్కువసేపు నిలబడాలని పంతం. అప్పుడు కాలు వణికేది కాదు, ఎందుకంటే కాలు సంగతి గుర్తుండేది కాదు, చూపంతా గొర్రెల మీద. పొద్దు వాలితే దొడ్డి తడిక జరిపి ఒక్కొక్కదాన్నే లోపలికి పంపుతూ నాయన లెక్కపెట్టేవాడు, ఒకటి అనడు, ధాన్యం కొలిచినట్టు లాభం అంటాడు. లాభం. రెండు. మూడు. నల్లమచ్చది లోపలికి పోయింది. నాలుగు. చెవి తెగింది పోయింది. అయిదు. ఆ పొట్టేలు ఎప్పుడూ వెనకబడి వచ్చేది, దానికోసం నాయన తడిక పట్టుకుని ఆగేవాడు, తొందరపెట్టేవాడు కాదు, అది కుంటుకుంటూ, దాచకుండా, దాని నడక అది నడుచుకుంటూ వచ్చి లోపలికి పోయేది. తర్వాతే తడిక వేసేవాడు. మేడం ముప్ఫై అన్నదట, నేను వినలేదు. “సోమక్కా, సాలు బిడ్డా, దించు” అన్నదట రెండుసార్లు. దించాలంటే భయమేసింది నాకు, దిగే చోటే కదా భయం. కళ్ళు తెరిచి, కొంచెంసేపు ఎడమకాలి మీదే ఉండి, అప్పుడు కుడికాలు దించాను.

డాక్టరు మొదటిసారి నా మొహం వైపు చూశాడు. ఎన్నిసార్లని అడిగాడు. ఒకసారి అని నాలుక మీద తయారుగా ఉంది, మూడేళ్ళుగా అక్కడే ఉంది. “ఏడుసార్లు సార్” అన్నాను. ములుగు చెప్పాను, పదకొండో రోజు కట్టు కోసేసింది చెప్పాను, జంపన్నవాగు ఇసుక చెప్పాను, చెబుతుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చెప్పాను. ఆయన పట్టీని వేళ్ళకు చుట్టుకుంటూ విన్నాడు. ఇది ఎవరు కట్టారని అడిగాడు. నా వెనక పదడుగుల దూరంలో రాజేశ్వరి ఉంది, ఒక్క పేరు చెబితే ఆ ఒక్క చోటు నాదే, అట్లా అనిపించలేదని చెబితే అబద్ధం, అనిపించింది, చాలా గట్టిగా అనిపించింది. నేనే కట్టుకున్నానన్నాను. ఆయన తల ఊపాడు, నమ్మి కాదు. “నీకు నువ్వు కట్టుకుంటె చుట్టు ఇట్ల దిరగదు. ఎవరో కట్టిన్రు. సొంత కాలు మీద ఏండ్లకేండ్లు కట్టుకుంటె తప్ప చెయ్యి ఇంత సాఫ్ రాదు” అన్నాడు, మళ్ళీ అడగలేదు. అట్ట మీద ఏదో రాసి, అది నాకు కనబడకుండానే చెప్పాడు. “ఆడు. పోల్ కాడ ఎడమకు తిరగకు. కాలు జర తేడా అనిపిస్తె ఎవ్వరిని అడగకుంట నువ్వే చెయ్యెత్తి బయటికి రావాలె. పోయినేడు ఆ ఇద్దరిని ఎన్నిసార్లని అడిగితె ఒక్కసారి, ఒక్కసారి అన్నరు.”

ఆడు అన్నాడు. సంతోషం రావాలి, రాలేదు. ఇన్నాళ్ళూ ఇంకొకరి కళ్ళకు దొరకకుండా ఉంటే చాలనుకున్నాను, ఇప్పుడు నా కాలికి నన్నే కాపలా పెట్టాడు, ఈ కాపలాదారును ఎట్లా మోసం చెయ్యాలో నాకు తెలియదు. పట్టీ తీసుకుని వెనక్కి తిరిగాను. సొంత కాలు మీద అన్నాడు కదా. సొంత కాలు మీద.

రాజేశ్వరి కూర్చుని ఉంది, తడిగడ్డిలో. కుడి మేజోడు మడమ దాకా దించింది. మే నెల ఎండలో కూడా విప్పని మేజోడు కింద చీలమండ రెండింతలుగా ఉబ్బి ఉంది, చర్మం మీద పట్టీ నొక్కుకుపోయిన చారలు, కొత్తవి కావు, ఏళ్ళవి, పిక్క దాకా. నేను గంటసేపు ఆమె ఊపిరికి భయపడ్డాను, అది కూడా భయపడే ఊపిరేనని నాకు తట్టలేదు. పక్కన కూర్చున్నాను. ఒకరి కాలు ఒకరం ముట్టుకోలేదు.

“ఎన్నిసార్లని అడుగుతడా?” అంది.

“అడుగుతడు.”

“నువ్వెన్ని చెప్పినవ్?”

“ఉన్నన్ని చెప్పిన.”

ఆమె వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది, పెదవులు కదులుతున్నాయి, ఒక చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యి అయిపోయింది, మళ్ళీ మొదటి చేతికి వచ్చింది. మేడం పద్దెనిమిది అని పిలిచింది. రాజేశ్వరి లేచి, మేజోడు పైకి గుంజబోయి, ఆగి, అట్లాగే వదిలేసి గీత వైపు నడిచింది. మూడేళ్ళలో ఆమె కుంటడం నేను చూడటం అదే మొదటిసారి.